గట్టు మీది గ్యాస్ పొయ్యి

వంటగట్టు మీద విడిగా పెట్టి, గొట్టంతో సిలిండరుకు కలిపి వాడుకునే వంట సాధనం గ్యాస్ పొయ్యి. జనం నోట ఇది స్టవ్వు. గట్టు రాతిని కోసి అందులో దించే హాబ్, కింద ఓవెన్‌తో నేల మీదే నిలబడే కుకింగ్ రేంజ్ ఇదే జాతివి. అయినా తెలుగు ఇళ్ళలో ఎక్కువగా కనిపించేది ఈ విడి పొయ్యే. అద్దె ఇల్లు మారినప్పుడు వెంట తీసుకుపోవచ్చు. చెడితే వీధి చివరి మెకానిక్ బాగుచేస్తాడు. రెండు బర్నర్ల స్టీలు పొయ్యి ధర ఇంచుమించు రెండు మూడు సిలిండర్ల ఖరీదు. పొయ్యి ఒక్కసారి కొంటాం, గ్యాసు మాత్రం ఏళ్ళ తరబడి కొంటూనే ఉంటాం. కాబట్టి చవక పొయ్యి అంటే కొనేటప్పుడు తక్కువకు వచ్చేదని కాదు, వంట పూర్తయ్యేసరికి తక్కువ గ్యాసు తాగేది అని అర్థం చేసుకోవాలి.

చరిత్ర

ఇంగ్లండులోని నార్తాంప్టన్‌కు చెందిన జేమ్స్ షార్ప్ 1826లో గ్యాస్ పొయ్యికి పేటెంటు తీసుకుని, 1836 నాటికి వాటి తయారీకి కర్మాగారం పెట్టాడు. అప్పటి గ్యాసు బొగ్గు నుంచి తీసి వీధి గొట్టాల్లో పంపేది. గొట్టాలు లేని ఊళ్ళకు అది అందలేదు. మన దేశంలో గ్యాస్ వంట ఊపందుకున్నది సిలిండరులో నింపిన ఎల్పీజీతోనే. బర్మా షెల్ కంపెనీ 1955లో ముంబైలో దాని అమ్మకం మొదలుపెట్టింది. ఇండియన్ ఆయిల్ వారి ఇండేన్ తొలి కనెక్షన్ 1965లో కోల్‌కతాలో ఇచ్చారు.

తెలుగు ఇళ్ళలో అంతకు ముందు కట్టెల పొయ్యి, పొట్టు పొయ్యి, బొగ్గుల కుంపటి ఉండేవి. పట్నాల్లో కిరసనాయిలు స్టవ్వులు వచ్చాయి. వాటిలో పంపు స్టవ్వు మూలం 1892లో స్వీడన్‌లో పుట్టిన ప్రైమస్. బత్తీల స్టవ్వుల్లో చమురు ఆదా చేసేదిగా నూతన్ స్టవ్వు పేరు తెచ్చుకుంది. ఇండియన్ ఆయిల్ పరిశోధన విభాగం దాన్ని 1970ల్లో రూపొందించింది. గ్యాస్ కనెక్షన్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన రోజులు నడివయసు దాటినవారికి గుర్తే.

ఆ తరవాత గ్యాసు పల్లెలకు చేరడంలో ప్రభుత్వాల పాత్ర పెద్దది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం మహిళా సంఘాల సభ్యులకు కనెక్షన్లు ఇచ్చింది. కేంద్రం 2016 మే 1న ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో ఉజ్జ్వల పథకాన్ని ప్రారంభించింది. 2021లో వచ్చిన దాని రెండో విడతలో కనెక్షన్‌తో పాటు పొయ్యి, మొదటి సిలిండరు కూడా ఉచితం చేశారు. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో మహాలక్ష్మి కింద 500 రూపాయల సిలిండరు, ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరులో దీపం-2 కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు వచ్చాయి. ఈ పథకాల చర్చంతా సిలిండరు చుట్టూనే తిరుగుతుంది. ఆ సిలిండరును మింగే పొయ్యి ఎలా ఉందన్నది ఎవరూ పెద్దగా అడగరు.

పని చేసే తీరు

సిలిండరు మీది రెగ్యులేటరు లోపలి ఒత్తిడిని బాగా తగ్గించి, చదరపు సెంటీమీటరుకు దాదాపు 30 గ్రాముల ఒత్తిడితో గ్యాసును బయటికి వదులుతుంది. గొట్టం ద్వారా వచ్చిన గ్యాసు పొయ్యి లోపలి పైపులో చేరి, నాబ్ తిప్పగానే కాక్ గుండా జెట్టుకు వెళుతుంది. జెట్టు అంటే సూదిమొన పట్టేంత రంధ్రమున్న చిన్న ఇత్తడి మర. పొయ్యి మొత్తంలో అతి చిన్న భాగమిది. మంట బాగోగులు తేలేది ఇక్కడే. ఆ రంధ్రం నుంచి వేగంగా దూకే గ్యాసు పక్కనున్న గాలిని తనతో లాక్కుంటూ మిక్సింగ్ ట్యూబులోకి పోతుంది. గ్యాసూ గాలీ అక్కడ కలిసి, బర్నరు రంధ్రాల్లోంచి పైకి వచ్చి మండుతాయి.

గాలి సరిపడా కలిస్తే మంట నీలంగా, కుదురుగా ఉంటుంది. గాలి చాలకపోతే పసుపురంగుకు తిరిగి గిన్నెల అడుగుకు మసి పడుతుంది. ఆ మసి కాలకుండా మిగిలిపోయిన ఇంధనం, అంటే డబ్బు పెట్టి కొన్న గ్యాసులో కొంత వంటకు పనికిరాకుండా పోతున్నదన్న మాట. గాలి మరీ ఎక్కువైతే మంట బర్నరు నుంచి లేచి ఆడుతూ, సిమ్‌లో పెట్టగానే ఆరిపోతుంది.

భారత ప్రమాణాల సంస్థ ఇంటి ఎల్పీజీ పొయ్యిల కోసం ఐఎస్ 4246 అనే ప్రమాణం పెట్టింది. దాని ప్రకారం గ్యాసు నుంచి పుట్టిన వేడిలో కనీసం 68 శాతం గిన్నెకు చేరాలి. ఐఎస్‌ఐ ముద్ర ఉన్న పొయ్యి ఈ పరీక్ష దాటినట్టు లెక్క. ఇది ప్రయోగశాలలో, నిర్ణీత కొలతల గిన్నెతో తేల్చిన అంకె. ఇంట్లో మసిపట్టిన బర్నరు మీద, కిటికీ గాలికి ఊగే మంట మీద అంత రాదు. 68 శాతం ఇచ్చే పొయ్యి 60కి దిగజారితే, ఎనిమిది సిలిండర్లతో అయ్యే వంటకు తొమ్మిది కావాలి. ఏడాది రెండేళ్ళలో ఆ ఇల్లు ఒక సిలిండరును ఊరికే కాల్చేసినట్టు.

ఎంపిక

కొట్లో పొయ్యిలన్నీ నిలబెట్టి, అద్దం ముఖాలు కొనేవారి వైపు తిప్పి ఉంచుతారు. చూడాల్సింది ముఖం కాదు, అడుగు. పొయ్యిని బోర్లా తిప్పి చూపించమని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. అడుగున రేకు మందంగా ఉందా, గ్యాస్ పైపు బిగింపులు గట్టిగా ఉన్నాయా, మిక్సింగ్ ట్యూబు వంకర లేకుండా జెట్టుకు సూటిగా ఉందా, రబ్బరు కాళ్ళు నాలుగూ నేలకు ఆనుతున్నాయా అన్నది అప్పుడే తెలుస్తుంది. కొన్ని చవక పొయ్యిలకు పైన మెరుపంతా ఉండి, అడుగున అట్టముక్కలా వంగే రేకు ఉంటుంది.

రెండో పని బర్నరును చేత్తో ఎత్తి చూడడం. మంచి బర్నరు ఇత్తడిది, చేతికి బరువుగా తగులుతుంది. అల్యూమినియం మిశ్రమంతో చేసి పైన పసుపు పూత పూసినవీ దొరుకుతాయి. ఎత్తగానే తేలిక తెలిసిపోతుంది. అడుగు అంచున గీత గీస్తే లోపలి తెలుపు బయటపడుతుంది. పోత ఇనుము బర్నర్లకు అయస్కాంతం అంటుకుంటుంది. అవి వేడికి తట్టుకుంటాయి గానీ, పప్పు పొంగిన నీళ్ళు పడి తుప్పు పట్టినప్పుడు రంధ్రాలు మూసుకుపోతాయి. బర్నరు పైభాగం చేతికి ఊడి వచ్చేదైతే కడుక్కోవడం సులువు. అది తిరిగి కూర్చున్నప్పుడు అటూ ఇటూ ఊగకూడదు. ఊగితే సందులోంచి మంట ఒక పక్కకు ఎగదన్నుతుంది.

ఆ తరవాత గిన్నెల లెక్క. దీన్ని కొనేవాళ్ళు చాలామంది మరిచిపోతారు. ఇంట్లో రోజూ ఏకకాలంలో పొయ్యెక్కే రెండు పెద్ద గిన్నెలేవో చూసి, వాటి వెడల్పు కొలుచుకుని కొట్టుకు వెళ్ళాలి. 26 సెంటీమీటర్ల కుక్కరు, 22 సెంటీమీటర్ల కూరగిన్నె పక్కపక్కన పట్టాలంటే రెండు బర్నర్ల నడిమధ్యల నడుమ కనీసం 24 సెంటీమీటర్లు ఉండాలి. పిడులు తగలకుండా ఇంకో మూడు నాలుగు కలుపుకోవాలి. మూడు బర్నర్ల పొయ్యిల్లో చాలా వాటికి ఈ దూరం చాలదు. మధ్య బర్నరును వెనక్కి జరిపి ఇరికిస్తారు. అట్లపెనం ఒకదాని మీద పెట్టగానే పక్కది పనికిరాకుండా పోతుంది. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి విశాలమైన రెండు బర్నర్ల పొయ్యి, ఇరుకైన మూడు బర్నర్ల దానికన్నా ఎక్కువ పని ఇస్తుంది. పొద్దున్నే అన్నం, పప్పు, కూర ముగించి క్యారియర్లు కట్టాల్సిన ఇళ్ళకు మూడోది అక్కరకొస్తుంది. అలాంటివారు గట్టు మీద చోటు చూసుకుని వెడల్పు పొయ్యే తీసుకోవాలి. నాలుగు బర్నర్లవి గట్టును మింగేస్తాయి. పండగలకు తప్ప నాలుగూ వెలిగే ఇళ్ళు తక్కువ.

పెద్ద గిన్నెల సంగతి చూసుకున్నట్టే చిన్నవీ చూసుకోవాలి. తాలింపు గరిటె, పాలగిన్నె బర్నరు మీది స్టాండు పుల్లల మధ్య పడిపోకుండా నిలబడాలి. స్టాండు మరీ ఎత్తుగా ఉంటే మంట కొస గిన్నెకు సరిగా తగలదు, మరీ పొట్టిగా ఉంటే గాలి ఆడక మంట ఉక్కిరిబిక్కిరవుతుంది. ఇక పొయ్యి ఎత్తు. గట్టు సాధారణంగా నేల నుంచి 80, 85 సెంటీమీటర్లు ఉంటుంది. దాని మీద పొయ్యి మరో పది, పదిహేను సెంటీమీటర్లు లేస్తుంది. అది చాలక కుక్కరు ఎత్తు ఒకటి. పొట్టిగా ఉన్న మనిషి భుజాలెత్తి గరిటె తిప్పాల్సి వస్తుంది. అలాంటి ఇంటికి బల్లపరుపుగా ఉండే పొయ్యి మేలు.

స్టీలా, గాజా

అంగట్లో గాజు పొయ్యిదే రాజ్యం. గట్టు మీద అందంగా ఉంటుంది, తుడిస్తే మరక పోతుంది. వాడేది గట్టిపరిచిన గాజు. పగిలితే కత్తుల్లాంటి పెంకులుగా కాకుండా చిన్న పలుకులుగా రాలిపోతుంది. కానీ పగలదని కాదు. బర్నరు చుట్టుకొలత దాటిన పెద్ద తపేలా పెట్టి గంటసేపు కాగబెడితే, అడుగు నుంచి వేడి కిందికి తిరిగి గాజుకు తగులుతుంది. ఆ వేడి గాజు మీద చన్నీళ్ళు చిందినా, అంచుకు రోకలి తగిలినా ముప్పే. గాజులో తయారీనాడే ఉండిపోయిన నికెల్ సల్ఫైడ్ కణాల వల్ల ఏ దెబ్బా లేకుండానే పగిలే సందర్భాలు కూడా అరుదుగా ఉంటాయి. అప్పడాలు, జంతికలు పెద్ద బాణలిలో వేయించే ఇళ్ళు, ఇంట్లో పిండివంటలు చేసి అమ్ముకునేవాళ్ళు గాజు జోలికి పోకపోవడమే మంచిది.

స్టీలు పొయ్యికి సొట్టలు పడతాయి, గీతలు పడతాయి, పని మాత్రం ఆగదు. ఇక్కడ అయస్కాంతం పెట్టి స్టీలు నాణ్యత చెప్పేస్తామనే నమ్మకం ఒకటుంది. అది సగమే నిజం. మేలైన 304 రకం స్టీలుకు అయస్కాంతం అంటదు, సరే. నికెల్ తక్కువుండే 202 రకానికి కూడా అంటదు. అంటుకునే 430 రకం పొయ్యి ఒంటికి పనికిరానిదేమీ కాదు. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో మాత్రం ఒంటి స్టీలు రకం అడిగి తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే ఉప్పుగాలికి ముందు చెడేది రేకు అంచులూ మరలే.

నాబ్ నొక్కగానే వెలిగే ఆటోమేటిక్ పొయ్యిల కోసం కొంత అదనంగా పెట్టాలి. బర్నరు పక్కనుండే నిప్పురవ్వ కడ్డీ మీద పాలు పొంగితే అది మొరాయిస్తుంది. చివరికి చాలా ఇళ్ళలో ఆ పొయ్యి పక్కనే లైటరు వేలాడుతూ ఉంటుంది. తక్కువ ధరలో కొనేవారు మామూలు పొయ్యి, ఒక మంచి లైటరు తీసుకోవడం తెలివైన పని. ఆ మిగిలిన డబ్బు బర్నరు నాణ్యతకు పెట్టవచ్చు.

మంట ఆరితే గ్యాసు దానంతటదే కట్టయ్యే ఏర్పాటు వేరే సంగతి. మంట పక్కనుండే థర్మోకపుల్ వేడి తగ్గగానే వాల్వును మూసేస్తుంది. వయసు మళ్ళినవారు ఒంటరిగా ఉండే ఇంటికి బడ్జెట్ కొంచెం పెంచైనా ఇది ఉన్నదాన్నే చూడాలి.

పైపు గ్యాసు వచ్చే ఇళ్ళు

హైదరాబాదు, విజయవాడ లాంటి నగరాల్లో కొన్ని ప్రాంతాలకు భాగ్యనగర్ గ్యాస్ సంస్థ పైపుల ద్వారా సహజవాయువు ఇస్తున్నది. గెయిల్, హిందుస్థాన్ పెట్రోలియం కలిసి 2003లో ఏర్పరచిన సంస్థ ఇది. ఎల్పీజీ పొయ్యిని ఉన్నదున్నట్టు ఈ గొట్టానికి తగిలిస్తే మంట సన్నగా వస్తుంది. అదే పరిమాణంలో సహజవాయువుకు వేడి తక్కువ కాబట్టి దానికి జెట్టు రంధ్రం పెద్దది కావాలి. కొత్త పొయ్యి కొనేముందు జెట్లు మార్చే వీలుందో లేదో అడగాలి. మార్పు పని గ్యాస్ సంస్థ మనిషి చేతనే చేయించాలి.

సిలిండరు పొయ్యికి కూడా మంట చాలడం లేదని మెకానిక్‌లు కొందరు జెట్టులో పిన్ను పెట్టి రంధ్రం పెద్దది చేస్తారు. ఆ పూట మంట పెద్దదై గృహిణికి సంతోషంగానే ఉంటుంది. వారం తిరిగేసరికి గిన్నెలు నల్లబడతాయి, సిలిండరు ముందే అయిపోతుంది. జెట్టు మూసుకుపోతే కొత్తది వేయించుకోవాలి, దాని ఖరీదు స్వల్పం. బర్నరు మీద పెట్టే 'గ్యాస్ సేవర్' జాలీలదీ ఇదే కథ. గాలి దారికి అడ్డుపడే వస్తువు ఆదా చేయదు.

కుకింగ్ రేంజ్, పరదేశపు వంటిళ్ళు

పైన నాలుగో అయిదో బర్నర్లు, కింద ఓవెన్, అన్నీ ఒకే పెట్టెగా నేల మీద నిలబడేది కుకింగ్ రేంజ్. కేకు, రొట్టె, తందూరీ వంటకాలు తరచుగా చేసే ఇంటికి తప్ప తెలుగు వంటింట్లో దీని ఓవెన్ నాన్‌స్టిక్ పెనాలు దాచుకునే అలమరగానే మిగులుతుంది. ధర మామూలు పొయ్యికి ఎన్నో రెట్లు. ఓవెన్ కరెంటుదైతే మామూలు ప్లగ్గు చాలదు, కనీసం 16 ఆంపియర్ల సాకెట్టు కావాలి.

బ్రిటన్, అమెరికాల్లో స్థిరపడిన తెలుగువారికి మాత్రం రోజువారీ పొయ్యి ఇదే. బ్రిటన్‌లో సాధారణ వెడల్పులు 50, 60 సెంటీమీటర్లు. పాతది తీసి కొత్తది పెట్టేవారు ముందు ఆ సందు కొలుచుకోవాలి. గ్యాసుది బిగించే పని గ్యాస్ సేఫ్ రిజిస్టరులో పేరున్న పనివాడే చేయాలని చట్టం. కరెంటుదానికి విడిగా వైరు లాగాలి, గోడ ప్లగ్గులో పెడితే కుదరదు. వాటిలో చవకైనది ఇనప పళ్ళేలున్నది. నిదానంగా వేడెక్కి, కట్టేసిన తరవాత కూడా వేడి వదలదు కాబట్టి పాలు, పులుసు పొంగిపోతాయి. కొంచెం ఎక్కువ పెట్టి సిరామిక్ గాజు పలక ఉన్నది తీసుకోవడం నయం. అమెరికాలో సర్వసాధారణమైన వెడల్పు 30 అంగుళాలు, కరెంటు 240 వోల్టులు. అద్దె అపార్ట్‌మెంట్లలో తరచుగా ఎదురయ్యే కరెంటు తీగచుట్టల పొయ్యి మీద గుండ్రటి అడుగు బాణలి నిలవదు, ఇనప అట్లపెనానికి నడుమ ఒక చోటే కాలుతుంది. చదును అడుగున్న మందపాటి పెనం కొనుక్కుంటే దోసె బాగానే వస్తుంది. గాజు పలక మీద ఆ పెనాన్ని ఈడ్చకూడదు, గీతలు పడతాయి. తెరిచిన ఓవెన్ తలుపు మీద బరువు పడితే రేంజ్ ముందుకు ఒరుగుతుంది కనుక గోడకు లేదా నేలకు పట్టీ బిగించాలి. పిల్లలున్న ఇంట్లో దీన్ని వాయిదా వేయకూడదు.

ఇండక్షన్‌తో పోలిక

ఇండక్షన్ పొయ్యి గిన్నె అడుగునే వేడెక్కిస్తుంది కాబట్టి వృథా తక్కువ. ఏది చవక అన్న ప్రశ్నకు ఇంట్లోనే లెక్క కట్టుకోవచ్చు. 14.2 కిలోల సిలిండరులో ఉన్న వేడి దాదాపు 180 యూనిట్ల కరెంటుతో సమానం. అందులో 68 శాతం గిన్నెకు చేరితే 122 యూనిట్ల పని జరిగినట్టు. ఇండక్షన్ 85 శాతం చేరుస్తుందనుకుంటే అదే వంటకు సుమారు 145 యూనిట్లు కావాలి. ఇంటి కరెంటు బిల్లులో పై శ్లాబు రేటును 145తో గుణించి, వచ్చిన మొత్తాన్ని సిలిండరు ధరతో పోల్చాలి. యూనిట్ ఆరు రూపాయలైతే 870 అవుతుంది. శ్లాబు పెరిగితే తక్కెడ గ్యాసు వైపు మొగ్గుతుంది. సబ్సిడీ సిలిండరు అందే ఇంటికి గ్యాసే చవక. కరెంటు పోయినా వంట ఆగకూడదనుకునే ఇల్లు గ్యాస్ పొయ్యి ఉంచుకుని, నీళ్ళు కాచడానికి, పాలకు ఇండక్షన్ వాడుకోవడం పద్ధతి.

అమరిక, జాగ్రత్తలు

ఎల్పీజీ గాలికన్నా బరువు, కారితే నేల మీదే పరుచుకుంటుంది. సిలిండరు గట్టు కింద అలమరలో ఉంటే దాని తలుపులకు అడుగున గాలి రంధ్రాలుండాలి. సిలిండరు నిలువుగా ఉండాలి, పొయ్యి దానికన్నా ఎత్తులో ఉండాలి. గొట్టం నారింజ రంగు సురక్ష రకానిదై, ఐఎస్‌ఐ ముద్రతో, మీటరున్నరకు మించకుండా ఉండాలి. అయిదేళ్ళకోసారి మార్చాలి. తయారైన ఏడాది గొట్టం మీదే అచ్చువేసి ఉంటుంది. పొయ్యిని తమ దగ్గరే కొనాలని గ్యాస్ డీలరు పట్టుబడితే ఒప్పుకోనక్కర్లేదు. ఐఎస్‌ఐ పొయ్యిని వినియోగదారు ఎక్కడైనా కొనుక్కోవచ్చు.

బర్నరును పదిహేను రోజులకోసారి వేడినీళ్ళలో నానబెట్టి, బ్రష్షుతో రుద్ది, పూర్తిగా ఆరాక బిగించాలి. తడి బర్నరు చిటపటమంటూ పసుపు మంట ఇస్తుంది. నాబ్ బిగుసుకుంటే నూనె పోయకూడదు, కాక్ లోపల వేసేది వేరే గ్రీజు. నాబ్ కట్టేసినా సన్నని మంట మిగిలితే ఆ కాక్ అరిగినట్టే, మార్పించేదాకా రెగ్యులేటరు కట్టేసి ఉంచాలి.

గ్యాసుకు సహజంగా వాసన లేదు. కారినప్పుడు తెలియాలనే ఇథైల్ మెర్‌కాప్టన్ కలుపుతారు. ఆ వాసన తగిలితే స్విచ్చులు వేయడం గానీ తీయడం గానీ చేయకుండా, రెగ్యులేటరు కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచి బయటికి వచ్చాకే ఫోను చేయాలి. గ్యాస్ లీకుల అత్యవసర సహాయానికి దేశమంతటా పగలూ రాత్రీ పనిచేసే నంబరు 1906.